విహార నౌకాయానం: ధరలు, విలువ

ఓడలోనే బస, భోజనం, వినోదం అన్నీ పొందుతూ రోజుకో రేవు చొప్పున చూసి వచ్చే యాత్రను వాడుకలో క్రూయిజ్ అంటారు. ఈ పరిశ్రమ అంతర్జాతీయ సంఘం లెక్క ప్రకారం 2019లో 2.97 కోట్ల మంది సముద్ర క్రూయిజ్‌లకు వెళ్లారు. కోవిడ్ కాలంలో ఓడలన్నీ లంగరు వేసుకుని కూర్చున్నా, 2024 నాటికి ఆ సంఖ్య 3.46 కోట్లకు చేరింది. హోటలు, రైలు, రెస్టారెంటు ఖర్చులు విడివిడిగా కూడుకుంటే క్రూయిజే చవక అని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం కొందరి విషయంలో నిజం, కొందరి విషయంలో కాదు. ఎవరికి నిజమో తెలియాలంటే ఓడ కంపెనీల ఆదాయ లెక్కలు చూడాలి.

2024లో క్రూయిజ్ కంపెనీ కార్నివాల్ కార్పొరేషన్ ఆదాయం సుమారు 2,500 కోట్ల డాలర్లు. అందులో టికెట్ల మీద వచ్చింది దాదాపు 1,650 కోట్లు. మిగిలిన మూడో వంతు బార్లు, క్యాసినో, ఇంటర్నెట్, రేవుల్లో విహారాలు, ప్రత్యేక భోజనశాలల వంటి వాటి నుంచి వచ్చింది. రాయల్ కరీబియన్ గ్రూపులో ఈ వాటా 30 శాతం దాకా ఉంది. సినిమా హాల్లో టికెట్టు ధర అదుపులో ఉంచి పాప్‌కార్న్ మీద లాభం తీసే పద్ధతి లాంటిదే ఇది. అందుకే ఒకే ఓడలో, ఒకే అంతస్తులో, పక్కపక్క గదుల్లో ప్రయాణించిన ఇద్దరికి అయ్యే ఖర్చులో రెట్టింపు తేడా ఉండవచ్చు. తాగని, జూదమాడని, ఫోన్ పక్కన పెట్టగల కుటుంబం ఈ ఓడల్లో తన ఖర్చుకు మించిన సుఖం పొందుతుంది. ఆ తేడాను బార్ దగ్గర కూర్చున్నవారు చెల్లిస్తారు. క్రూయిజ్ ధరల గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే.

పుట్టుక, సంస్థలు

1891లో జర్మన్ నౌకా వ్యాపారి ఆల్బర్ట్ బాలిన్, చలికాలంలో ఖాళీగా ఉండే అగస్టా విక్టోరియా ఓడను మధ్యధరా సముద్ర విహారానికి పంపాడు. ఆధునిక క్రూయిజ్‌కు దాన్నే నాందిగా చెబుతారు. 1950ల చివర జెట్ విమానాలు వచ్చి అట్లాంటిక్ దాటే ఓడల గిరాకీని దెబ్బతీశాయి. ఆ తర్వాత మయామీ రేవు ఈ వ్యాపారానికి కేంద్రమైంది. 1966లో నార్వే వ్యాపారి క్నుట్ క్లోస్టర్, టెడ్ అరిసన్ కలిసి సన్‌వార్డ్ ఓడతో మొదలుపెట్టిందే నేటి నార్వీజియన్ క్రూయిజ్ లైన్. రాయల్ కరీబియన్ 1968లో పుట్టింది. క్లోస్టర్‌తో విడిపోయిన అరిసన్ 1972లో కార్నివాల్ స్థాపించాడు. దాని మొదటి ఓడ మార్డి గ్రా తొలి ప్రయాణంలోనే మయామీ తీరంలో ఇసుక మేటలో చిక్కుకుంది.

నేడు మార్కెట్‌లో పదుల కొద్దీ పేర్లు కనిపించినా వాటి వెనుక ఉన్న యజమానులు కొద్దిమందే. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కోస్టా, ఐడా, క్యూనార్డ్, సీబోర్న్, బ్రిటన్‌లోని పీ అండ్ ఓ అన్నీ కార్నివాల్ కార్పొరేషన్‌వే. సెలెబ్రిటీ, సిల్వర్‌సీ రాయల్ కరీబియన్ గ్రూపులోవి. ఓషియానియా, రీజెంట్ సెవెన్ సీస్ 2014లో నార్వీజియన్ చేతికి వచ్చాయి. సరుకు రవాణాలో పేరున్న ఎంఎస్‌సీ ఇటలీకి చెందిన అపోంటే కుటుంబానిది. డిస్నీ 1998లో, వైకింగ్ సముద్ర ఓడలు 2015లో రంగంలోకి దిగాయి. ఒకే యజమాని తన పేర్లను చవక, మధ్యస్థం, విలాసం అనే మెట్లుగా పేర్చుకుంటాడు కనుక, ఒక మెట్టులోని ఓడను మరో మెట్టులోని ఓడతో టికెట్టు ధర ఒక్కటి చూసి పోల్చడం తప్పు లెక్కకు దారి తీస్తుంది.

ధర ఎలా కదులుతుంది

ప్రకటనల్లో కనిపించే ధర, ఇద్దరు కలిసి ఒక గది తీసుకుంటే ఒక్కొక్కరికి పడేది. ఒంటరిగా వెళ్లేవారు చాలా ఓడల్లో రెండో మనిషి టికెట్టు కూడా దాదాపు పూర్తిగా కట్టాలి. 2010లో నార్వీజియన్ ఎపిక్ ఓడలో ఒక్కరి కోసమే చిన్న గదులు కట్టాక ఈ బాధ కొంత తగ్గింది. ఆ గదులు కొన్నే ఉంటాయి కాబట్టి త్వరగా అమ్ముడుపోతాయి. అదే గదిలో మూడో, నాలుగో పడక తీసుకునే పిల్లలకు మాత్రం టికెట్టు బాగా తక్కువ. గదికి ఇద్దరు చొప్పునే ఓడ సామర్థ్యాన్ని లెక్కిస్తారు కనుక, కుటుంబాలు ఎక్కిన ఓడలు 100 శాతానికి మించి నిండినట్లు కంపెనీల నివేదికల్లో కనిపిస్తుంది.

ఓడ రేవు దాటాక ఖాళీ గదికి విలువ లేదు. పైగా ఖాళీ గది బార్‌లోనూ, క్యాసినోలోనూ రూపాయి ఖర్చు పెట్టదు. అందుకే విమానయాన సంస్థల కంటే పట్టుదలగా ఓడ కంపెనీలు ఖాళీలు నింపుతాయి, గిరాకీని బట్టి ధరను రోజూ మారుస్తాయి. జనవరి నుంచి మార్చి వరకు బుకింగ్‌లు జోరుగా సాగే కాలం. ఆ నెలల్లో టికెట్టు తగ్గకపోయినా కానుకలు, ఓడలో ఖర్చు పెట్టుకునే జమ సొమ్ము ఎక్కువగా ఇస్తారు. ప్రయాణానికి సుమారు 75 నుంచి 90 రోజుల ముందు పూర్తి సొమ్ము కట్టాలి. ఆ గడువుకు ముందు ధర తగ్గితే, బుకింగ్ షరతులు అనుమతించిన మేరకు, కొత్త ధరకు మార్చమని అడగవచ్చు. వెనక్కి ఇవ్వని డిపాజిట్ మీద కొన్న చవక టికెట్టులో ఈ వెసులుబాటు కుంచించుకుపోతుంది. గడువు దాటాక మిగిలిన గదుల ధర పడిపోవచ్చు, పెరగనూ వచ్చు. రేవుకు కారులో వెళ్లగలిగినవారికి చివరి నిమిషపు బేరం లాభమే. హైదరాబాద్ నుంచి విమానం ఎక్కవలసినవారికి ఆ మిగులు విమాన టికెట్టులో కరిగిపోతుంది.

రుతువు, మార్గం కూడా ధరను శాసిస్తాయి. వేసవిలో మధ్యధరాలో తిరిగిన ఓడలు శరదృతువులో అట్లాంటిక్ దాటి కరీబియన్‌కు వెళ్తాయి, వసంతంలో తిరిగి వస్తాయి. ఇలా తావు మార్చుకునే ప్రయాణాల్లో వరుసగా ఆరేడు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. రోజు లెక్కన చూస్తే ఇంత చవకైన క్రూయిజ్‌లు అరుదు. సముద్రాన్ని చూస్తూ చదువుకోగల మనిషికి, విశ్రాంత ఉద్యోగికి వీటిని మించినవి లేవని నా అభిప్రాయం.

చట్టాలు కూడా ధరలో దాగి ఉంటాయి. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవు నుంచి మరో అమెరికా రేవుకు ప్రయాణికులను నేరుగా చేరవేయకూడదు. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లి వచ్చే ఓడలు కెనడాలోని విక్టోరియా దగ్గర, ఒక్కోసారి రాత్రి వేళ కొద్ది గంటలే అయినా, ఆగేది అందుకే. పెద్ద ఓడలు బహామాస్, పనామా, బెర్ముడా వంటి దేశాల జెండా ఎగరేస్తాయి. వాటిలో భారత్, ఫిలిప్పీన్స్, ఇండోనేసియా యువకులు నెలల తరబడి సెలవు లేకుండా పని చేస్తారు. క్రూయిజ్ చవక కావడానికి వారి తక్కువ జీతం ఒక ముఖ్య కారణం. హవాయి దీవుల మధ్య తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా ఓడ అమెరికా జెండాతో, అమెరికా సిబ్బందితో నడుస్తుంది. అందులో ధర ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

టికెట్టు మీద కలిసేవి

2024 జూలై 1న అమలులోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం ఈ రంగానికి పెద్ద మేలు చేసింది. తప్పనిసరి రుసుములను మొదటి ప్రకటన ధరలోనే కలిపి చూపాలని అది ఆదేశించింది. పెద్ద కంపెనీలు ఆ ఒక్క రాష్ట్రానికి వేరే పట్టిక పెట్టుకోలేక అమెరికా అంతటా అదే పద్ధతికి మారాయి. ఇతర దేశాల వెబ్‌సైట్లలో, ఏజెంట్ల కరపత్రాల్లో మాత్రం పన్ను కలపని ధర నేటికీ కనిపిస్తుంది. రెండు ధరలు పోల్చేటప్పుడు ఒకదానిలో పన్ను ఉండి మరోదానిలో లేకపోతే ఆ పోలికకు అర్థం లేదు. ఈ రుసుములు పెరుగుతూనే ఉన్నాయి. అలాస్కా రాష్ట్రం ఒక్కో ప్రయాణికుడికి 34.50 డాలర్లు వసూలు చేస్తుంది. గ్రీస్ 2025 జూలై నుంచి రద్దీ కాలంలో సాంటొరీని, మికొనోస్ దీవుల్లో దిగే ప్రతి ఒక్కరి మీద 20 యూరోలు విధించింది. మెక్సికో కూడా అదే నెలలో 5 డాలర్ల రుసుముతో మొదలుపెట్టింది.

తర్వాతది టిప్పు. పేరుకు ఇది ఐచ్ఛికం. అయినా పెద్ద అమెరికన్ ఓడల్లో మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు దానంతట అదే బిల్లులో చేరుతుంది, పెద్ద సూట్ గదులకు ఇంకా ఎక్కువ. నలుగురు ఉన్న కుటుంబానికి వారం తిరిగేసరికి ఇదే సుమారు 500 డాలర్లు అవుతుంది. పసిపిల్లలకు మినహాయింపు కొన్ని కంపెనీల్లోనే ఉంది. పీ అండ్ ఓ 2019లో ఈ వసూలును పూర్తిగా ఎత్తేసింది. బిల్లు తగ్గించుకోవడానికి టిప్పు తీయించేయడం కొందరు ఒక ఉపాయంగా చెప్పుకుంటారు. దాన్ని ఈ వ్యాసం సమర్థించదు. ఆ సొమ్ము గది ఊడ్చిన మనిషి ఆదాయంలో భాగం.

రోజుకు ఒకే ధర కట్టి పానీయాలు పొందే మద్యం ప్యాకేజీ అన్నిటికంటే పెద్ద మీట. ఒక గదిలో ఒక్కరు తీసుకుంటే రెండో వయోజనుడూ తీసుకోవలసిందేనని చాలా కంపెనీల నిబంధన. కార్నివాల్ రోజుకు 15 మద్యం గ్లాసుల పరిమితి పెట్టింది. ప్యాకేజీ ధర మీద సేవా రుసుము 18 నుంచి 20 శాతం అదనం. కొన్ని కంపెనీలు ప్యాకేజీ ఉచితమని ప్రకటిస్తాయి. దాని మీద సేవా రుసుము మాత్రం ప్రయాణికుడే కట్టాలి, ఆ ఉచితం ఖరీదు టికెట్టులో ముందే చేరి ఉంటుంది. రోజుకు నాలుగైదు గ్లాసులు దాటనివారికి విడిగా కొనుక్కోవడమే మేలు. తాగనివారు ఉచిత ప్యాకేజీ ఉన్న ధరను వదిలి, అది లేని ధర ఎంతో అడగాలి.

ఇంటర్నెట్, ప్రత్యేక భోజనశాలలు, స్పా చిన్న మీటలు. రేవుల్లో విహారాలు అలా కావు. ఓడ వారి విహారంలో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. బయటి టాక్సీలో వెళ్తే ఖర్చు తక్కువే కానీ ఓడ తప్పితే తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో చేరాలి. ఇక్కడ పటం చూసుకోవడం అవసరం. యాత్రా పత్రంలో పారిస్ అని రాసిన రేవు నిజానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని ల హావ్ర్. రోమ్ అంటే చివితవేక్యా, 70 కిలోమీటర్లకు పైనే. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో. పోను రాను ప్రయాణం తీసేస్తే ఆ మహానగరంలో గడిపేది నాలుగైదు గంటలు. యూరప్‌ను క్రూయిజ్‌లో చూశామనే మాటలో ఎంత సత్యముందో ఈ గంటలే చెబుతాయి. నగరాలు, మ్యూజియంలు చూడాలనుకునేవారికి రైలు ప్రయాణమే విలువైనది. నార్వే ఫియర్డులు, అలాస్కా హిమనదాలు చూడాలంటే మాత్రం ఓడకు సాటి లేదు, అక్కడ చూడవలసినది నీటి పక్కనే ఉంది.

రోజు లెక్క

పోలికకు పనికొచ్చే కొలమానం ఒకటే: అన్నీ కలిపి ఒక మనిషికి ఒక రాత్రికి ఎంత? ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఏడు రాత్రుల యాత్రకు సాధారణ ఓడలో టికెట్టు 700 డాలర్లు, పన్నులు 130, టిప్పులు 126 అనుకుంటే మొత్తం 956. తాగని మనిషి 100 డాలర్లతో ఒక విహారం మాత్రం కొంటే 1,056 అవుతుంది, అంటే రాత్రికి 151. అదే ఓడలో మరొకరు రోజుకు 70 డాలర్ల మద్యం ప్యాకేజీ తీసుకుంటే సేవా రుసుముతో 578, ఇంటర్నెట్‌కు 140, విహారాలకు 300, ప్రత్యేక భోజనాలకు 100 చేరి మొత్తం 2,074 అవుతుంది, రాత్రికి 296. ఇప్పుడు ఇవన్నీ కలుపుకుని 2,000 డాలర్లు అడిగే మరో ఓడను చూడండి, రాత్రికి 286. మొదటి మనిషికి అది దాదాపు రెట్టింపు ఖర్చు, రెండో మనిషికి అదే చవక. ఓడల ధరల పట్టికలో ఈ సమాధానం దొరకదు. ప్రయాణికుడు తన అలవాట్లను పట్టికలో చేర్చుకుంటేనే తేలుతుంది. విమానం, ముందు రాత్రి హోటలు, బీమా కూడా దీనికి కలపాలి. ఓడలోని ఆసుపత్రిలో వైద్యం ఉచితం కాదు, సముద్రం నుంచి రోగిని తరలించడం సామాన్య కుటుంబం భరించగల ఖర్చు కాదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు బీమా దగ్గర పొదుపు చేయకూడదు.

చోటు, సిబ్బంది

డబ్బుకు ఏమి దక్కుతుందో తెలిపే రెండు నిష్పత్తులను ఏ ఓడ విషయంలోనైనా లెక్కగట్టవచ్చు. మొదటిది చోటు. ఓడలకు చెప్పే స్థూల టన్నేజీ బరువు కాదు, లోపలి ఘనపరిమాణపు కొలత. దాన్ని గదికి ఇద్దరు చొప్పున లెక్కించిన ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఎంత చోటు ఉందో తెలుస్తుంది. 2021లో ప్రయాణాలు మొదలుపెట్టిన కార్నివాల్ కొత్త మార్డి గ్రాలో అది సుమారు 34. 2024 జనవరిలో సేవలోకి వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ స్థూల టన్నేజీ 2,48,663, ప్రయాణికులు 5,610 మంది, నిష్పత్తి 44. వైకింగ్ స్టార్‌లో 51. విలాస నౌక సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్‌లో సుమారు 74. ఐకాన్ కిక్కిరిసి నిండితే 7,600 మంది ఎక్కుతారని గుర్తుంచుకోవాలి. వేసవి సెలవుల్లో ఆ 44 ఎంతకు దిగుతుందో లిఫ్టుల ముందు, బఫే దగ్గర వరుసల్లో తెలుస్తుంది.

రెండోది సిబ్బంది. ఐకాన్‌లో 2,350 మంది పనిచేస్తారు, ఒకరికి రెండు పైచిలుకు ప్రయాణికుల చొప్పున. ఎక్స్‌ప్లోరర్‌లో 750 మంది ప్రయాణికులకు 550 మంది సిబ్బంది ఉన్నారు. విలాస ఓడ ధరలోని తేడాలో పెద్ద భాగం ఇక్కడికే పోతుంది, షాంపేన్‌కు కాదు.

గది విషయంలో మాత్రం డబ్బు తరచుగా వృథా అవుతుంది. కిటికీ లేని లోపలి గదిలో ఉన్నవారికీ, బాల్కనీ గదిలో ఉన్నవారికీ భోజనం, నాటకశాల, ఈతకొలను ఒకటే. రోజూ రేవులో దిగే కరీబియన్ యాత్రలో లోపలి గది చాలు. హిమనదాల మధ్య ఓడ నెమ్మదిగా కదిలే అలాస్కాలో బాల్కనీకి పెట్టిన డబ్బు దక్కుతుంది. ఓడ వయసు కూడా చూడాలి. ఒకే కంపెనీ, ఒకే మార్గం, ఒకే వారం అయినా కొత్త ఓడలో ధర చాలా ఎక్కువ. జారుడుబల్లలు, మంచు రింకు అక్కరలేనివారికి పదిహేనేళ్ల ఓడే మంచి బేరం.

ఏ సంస్థ ఎవరికి

కార్నివాల్, ఎంఎస్‌సీ టికెట్టు తక్కువలో ఉంచుతాయి. రాయల్ కరీబియన్ కొత్త ఓడలు పిల్లలున్నవారికి మంచివి, ధర ఎక్కువైనా వినోదంలో చాలా భాగం అందులోనే ఉంటుంది. డిస్నీలో ఇంకా ఎక్కువ పెట్టాలి, ఆ పాత్రల మీద పిల్లలకు ఇష్టం లేకపోతే ఆ అదనం దండగ. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ పెద్ద వయసువారికి, అలాస్కాకు నప్పుతాయి. వైకింగ్‌లో 18 ఏళ్లలోపు వారికి ప్రవేశం లేదు, క్యాసినో లేదు. ప్రతి రేవులో ఒక విహారం, ఇంటర్నెట్, భోజనంతో వైన్ టికెట్టులోనే ఉంటాయి. రీజెంట్, సిల్వర్‌సీ దాదాపు అన్నీ కలుపుకున్న ధర చెబుతాయి.

తెలుగు యాత్రికులు

తెలుగువారికి క్రూయిజ్ దగ్గరైన చోట్లలో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు ఒకటి. హ్యూస్టన్ నుంచి గంట పైచిలుకు, డాలస్ నుంచి ఐదు గంటల కారు ప్రయాణం. భారత్ నుంచి వచ్చిన తల్లిదండ్రులతో కలిసి మెక్సికో తీరానికి వెళ్లి వచ్చే కుటుంబానికి విమాన ఖర్చే లేదు. కార్నివాల్ వంటి ఓడల భోజనశాలలో రోజూ భారతీయ శాకాహార వంటకం అడిగితే దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను రోజుకో హోటలు మార్చకుండా తిప్పగలగడం డబ్బుతో కొలవలేని సౌకర్యం.

స్వదేశంలో 2021 సెప్టెంబరులో ముంబై నుంచి కార్డేలియా క్రూయిజెస్ మొదలైంది. దాని ఎంప్రెస్ ఓడ 1990లో రాయల్ కరీబియన్‌లో సేవలోకి వచ్చినది. 2022 జూన్‌లో అది చెన్నై, విశాఖపట్నం, పుదుచ్చేరి మార్గంలో తిరిగింది. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. విశాఖ నుంచి ఏడాది పొడవునా నడిచే సర్వీసు ఉంటే తెలుగు రాష్ట్రాల మధ్యతరగతికి క్రూయిజ్ నిజంగా అందుబాటులోకి వచ్చేది. విదేశీ ఓడ ఎక్కాలనుకునేవారికి సింగపూర్ సులువు, మూడు నాలుగు రాత్రుల యాత్రలు అక్కడ దొరుకుతాయి. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ పేరుతో ముందే కొంత పన్ను వసూలవుతుంది. దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ సొమ్ము కొన్ని నెలలు చేతిలో ఉండదని మాత్రం ముందే లెక్కలో పెట్టుకోవాలి.

ధర బేరీజు వేయడానికి ముందే తేల్చుకోవలసింది వీసా. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు ఓడ ఆగే ప్రతి దేశపు నియమం చూసుకోవాలి. ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతం దాటి మళ్లీ లోపలికి వచ్చే మధ్యధరా యాత్రకు ఒక్కసారి ప్రవేశించే వీసా చాలదు. అమెరికాలో పనిచేస్తున్నవారు పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరి ఉంటే, తిరిగి దేశంలోకి రావడానికి ఏ రేవు వరకు వెసులుబాటు ఉందో టికెట్టు కొనకముందే తెలుసుకోవాలి. పత్రాలు సరిగా లేవని రేవులో వెనక్కి పంపితే ఓడ కంపెనీ టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వదు.